గోలకొండ నుండి బందరు దాకా: జనం మరచిన ఒక బాట

పెరటి చెట్టు మందుకు రాదని మన పెద్దలు చెప్పిన సామెత యాత్రల విషయంలో అక్షరాలా నిజమవుతున్నది. సెలవులు రాగానే స్తోమత కలవారు ఊటీకో, కొడైకెనాల్‌కో, ఆగ్రాకో బయలుదేరుతారు. అంత స్తోమత లేనివారు చార్మినార్ చూచి, గోలకొండ ఎక్కి, సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టే దాకా నిలబడి ఇల్లు చేరుకుంటారు. ఈ స్థలాలు చూడదగినవి కావని ఎవరూ అనరు. కాని అందరూ చూచిన దానినే చూచి, అందరూ నిలబడిన చోటనే నిలబడి, ఫొటో ఒకటి తీయించుకొని వచ్చినంత మాత్రాన దేశాటనం చేసినట్లు కాదు.

భూమిపై సంచరించి, మనకు ముందు జీవించినవారి గతి ఏమయినదో పరిశీలించవలసిందిగా పవిత్ర ఖుర్‌ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తున్నది. మనిషికి చాతుర్యం కలిగించే సాధనాలలో దేశాటనానికి సంస్కృత నీతికారులు పెద్దపీట వేశారు. ఈ రెండు సంప్రదాయాలలోనూ చెప్పిన సంచారం కేవలం వినోదం కాదు. అది ఒక విచారణ, ఒక విద్య. ఆ దృష్టితో చూచినప్పుడు, జనసమ్మర్దం లేని చోట్లు మనకు నేర్పగల పాఠాలు పేరుమోసిన స్థలాల కంటె తక్కువేమీ కావు.

ఇందుకు ఒక కారణం ఉన్నది. పర్యాటకుల గుంపు సాధారణంగా సంపద ఖర్చయిన చోటికి వెళుతుంది. కోటలు, మహళ్ళు, సమాధి మందిరాలు అన్నీ ఖర్చుకు గుర్తులే. ఆ సంపద ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఏ బాట వెంట నడచి వచ్చింది అన్న ప్రశ్నలు కోట గుమ్మం దగ్గర ఎవరికీ తోచవు. గోలకొండ వైభవాన్ని చూచినవారు లక్షలాదిగా ఉన్నారు. ఆ వైభవాన్ని మోసుకొనివచ్చిన బాటను చూచినవారు వేళ్ళ మీద లెక్కింపదగినవారు. ఆ బాట గురించి విద్యార్థి లోకానికి తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాట స్వరూపం

కుతుబ్‌షాహీ సుల్తానులు 1518 మొదలు 1687 వరకు గోలకొండ రాజ్యాన్ని ఏలారు. వారి రాజ్యానికి తల గోలకొండ అయితే, ఊపిరి పీల్చుకునే నాసిక మచిలీబందరు. 1591లో హైదరాబాదు నగరం వెలసిన తరువాత ఈ రెండింటి నడుమ రాకపోకలు మరింత పెరిగాయి. సముద్రం మీద వచ్చిన సరుకు బందరులో దిగి తూర్పు నుండి పడమటికి నడచింది. తెలుగు నేల మీద తయారైన వస్త్రాలూ, గనులలో దొరికిన వజ్రాలూ పడమటి నుండి తూర్పుకు నడచి ఓడలెక్కాయి. ఎడ్లబండ్లు, పెరికెలు మోసే ఎద్దులు, పల్లకీలు, గుర్రాలు, కాలినడకన పోయే బాటసారులు, ధాన్యమూ ఉప్పూ తోలుకొనిపోయే బంజారాలు ఈ బాట మీద కలిసి సాగేవారు. 1639లో అబ్దుల్లా కుతుబ్‌షా స్వయంగా పరివారసమేతంగా బందరుకు వెళ్ళి సముద్రతీరాన్ని దర్శించాడు.

నేడు హైదరాబాదు నుండి సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నంలో ముగిసే 65వ నెంబరు జాతీయ రహదారి స్థూలంగా ఆ దిశలోనే పోతున్నది. పాత బాట అడుగడుగునా ఈ తారురోడ్డు కిందనే ఉన్నదని చెప్పలేము. దిశ మాత్రం అదే. 2014 తరువాత ఈ దారి రెండు తెలుగు రాష్ట్రాలకు చెందినదయింది. సుమారు 340 కిలోమీటర్ల ఈ దూరాన్ని ఇప్పుడు బస్సులో ఒక్క పగటిలో దాటిపోవచ్చును. దాటిపోవచ్చును గనుకనే దారిలో ఉన్నదేదీ మన కంటబడడం లేదు.

మొదటి మజిలీ: హయత్‌నగర్

నగరం వదలి తూర్పుగా వెళ్ళేవారికి హయత్‌నగర్ నేడు ఒక రద్దీ శివారు, ఒక బస్సు స్టాపు. రోడ్డుకు కొద్ది దూరంలో ఐదు కమానులు, రెండు మినార్లు గల ఒక మసీదు విశాలమైన ఆవరణలో ఉన్నది. ఆవరణ చుట్టూ వరుసగా చిన్న చిన్న గదులు కట్టి ఉన్నవి. అవి ఒకప్పటి సరాయి గదులు. సమీపంలోనే హాథీ బావిగా ప్రసిద్ధమైన పెద్ద దిగుడుబావి ఉన్నది.

ఈ ఊరికి పేరిచ్చిన హయాత్ బక్షీ బేగం చరిత్రలో అరుదైన స్త్రీ. ఆమె తండ్రి ముహమ్మద్ కులీ కుతుబ్‌షా, భర్త సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్‌షా, కుమారుడు అబ్దుల్లా కుతుబ్‌షా, ముగ్గురూ సుల్తానులే. కుమారుడు చిన్నతనంలోనే గద్దెనెక్కగా రాజ్యవ్యవహారాలలో ఆమె మాటకు ఎంతో విలువ ఉండేది. ప్రజలు ఆమెను మా సాహెబా అని గౌరవించారు. ఆమె 1667లో కాలధర్మం చెందింది.

ఈ కట్టడంలో గమనింపదగినది దాని అందం మాత్రమే కాదు, దాని ఏర్పాటు. ప్రార్థనకు మసీదు, విశ్రాంతికి గది, మనిషికీ పశువుకూ నీరు. ఈ మూడూ ఒక్కచోట సమకూర్చినప్పుడే బాట సాగుతుంది. బాట సాగినప్పుడే వర్తకం సాగుతుంది. సరాయిలో దిగిన బాటసారి ఏ మతం వాడని అడిగి నీళ్ళు పోయలేదు. గోలకొండ కోటలోని చప్పట్ల ప్రతిధ్వనిని వినడానికి వరుసలో నిలబడే మనం, ఆ కోటను పోషించిన వర్తకుడు ఎక్కడ తల వాల్చాడో చూడడానికి ఒక్క గడియ వెచ్చించడం లేదు. నమాజు వేళలు తప్పించి, మర్యాదగా వెళ్ళినవారికి ఇక్కడ నిశ్శబ్దంగా చూడదగినది చాలా ఉన్నది.

ఇక్కడ భాషాపరమైన ఒక మాట చెప్పుకోవాలి. బాటసారి ఆగే చోటును మనం మజిలీ అంటున్నాము. ఇది అరబ్బీ మంజిల్ నుండి వచ్చిన పదం. సరాయి, బజారు, దుకాణం, దలారి, గుమాస్తా, రసీదు, బస్తా మొదలైన మాటలన్నీ అటువంటివే. ఇవి గ్రంథాల నుండి దిగివచ్చిన మాటలు కావు. బేరసారాలలో నోట నోట నలిగి తెలుగులో కలిసిపోయినవి. కడపటి కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని ఒకే కాగితం మీద పారశీకంలోనూ తెలుగులోనూ వెలువడ్డాయి. ఉర్దూ పుటలూ తెలుగు పుటలూ ఒకే అట్టల మధ్య కుట్టిన మన సంచిక వంటి దానికి ఇంతకంటె పాత వంశవృక్షం మరేమి కావాలి?

రాతి మీది వ్యవసాయ చరిత్ర: పిల్లలమర్రి

సూర్యాపేట వద్ద బస్సులు ఆగుతాయి. ప్రయాణీకులు దిగి టీ తాగి మళ్ళీ ఎక్కుతారు. అక్కడికి నాలుగైదు కిలోమీటర్లలోపే పిల్లలమర్రి గ్రామం ఉన్నదని ఆ టీ తాగినవారిలో ఎందరికి తెలుసు? కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్డి ప్రభువుల కాలంలో ఇది ఒక ముఖ్యపట్టణం. ఇక్కడి నల్లరాతి ఆలయాలలో ఎరకేశ్వరాలయం, నామేశ్వరాలయం చెప్పుకోదగినవి. ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసానమ్మ అనే వనిత నిర్మింపజేసింది. 1195, 1208 సంవత్సరాల శాసనాలు ఈ గ్రామంలో ఉన్నవి. ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించిన పిల్లలమర్రి పినవీరభద్రకవిని సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు.

గోలకొండ బాటకు ఈ ఆలయాలతో సంబంధమేమిటని అడుగవచ్చును. సంబంధం ఉన్నది. కాకతీయ యుగంలో ఊరు కట్టడమంటే గుడి కట్టడం, చెరువు తవ్వడం కూడ. ఆనాటి శాసనాలు చదివితే దేవుని పేరు వెంటనే చెరువు పేరు, చెరువు వెంటనే దాని కింది మడి, మడి వెంటనే పండిన పంటలో ఎవరి పాలు ఎంత అన్న లెక్క సాధారణంగా కనిపిస్తాయి. కుతుబ్‌షాహీలకు మూడు శతాబ్దాల ముందే తవ్విన ఇటువంటి చెరువుల కింద పండిన ధాన్యమే తరువాతి ప్రభుత్వాలకు కూడ శిస్తుగా చేరింది. రాజులు మారారు, రాజభాష మారింది, కాని తూము ఎత్తిన నీరు అదే మడిలో పారింది. వజ్రాల రాజ్యమని లోకం చెప్పుకున్న గోలకొండ మొదట రైతు రాజ్యం. ఆ సత్యాన్ని పిల్లలమర్రి రాళ్ళ వద్ద నిలబడి తెలుసుకోవలసిందే.

నీట మునిగిన సిరి: కొల్లూరు

సూర్యాపేట దాటిన తరువాత మన దారి క్రమంగా కృష్ణానదికి చేరువవుతుంది. నదికి దక్షిణపు టొడ్డున, నేటి పల్నాడు జిల్లాలో, కొల్లూరు అనే చోటు ఉన్నది. ఉండేది అనడం సబబేమో. పదిహేడవ శతాబ్దంలో ప్రపంచంలోని ప్రసిద్ధ వజ్రపు గనులలో ఇది ఒకటి. కోహినూర్ వజ్రం ఇక్కడిదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

తవెర్నియే అనే ఫ్రెంచి రత్నవర్తకుడు ఈ గనిని స్వయంగా చూచి వర్ణించాడు. ఇక్కడ స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి దాదాపు 60,000 మంది పనిచేసేవారని అతడు వ్రాశాడు. పురుషులు మట్టి తవ్వేవారు. స్త్రీలూ పిల్లలూ దానిని మోసుకొనిపోయి చుట్టూ పొట్టిగోడ కట్టిన కళ్ళంలో పోసేవారు. నీరు పోసి మట్టిని నానబెట్టి, బురదనీటిని వదలివేసి, మిగిలినదానిని ఎండనిచ్చి, ధాన్యం తూర్పారబట్టినట్లు బుట్టలతో తూర్పారబట్టి, చివరకు రాళ్ళను చేతితో ఏరేవారు. అంటే వజ్రం తీసిన పద్ధతి కూడ రైతు కళ్ళం నుండి నేర్చుకున్నదే. తాను చూచిన మరొక గనిలో పని బాగా తెలిసిన కూలివానికి సైతం ఏడాదికి మూడు వరహాలే దక్కేవని అదే తవెర్నియే వ్రాశాడు. కోహినూర్ ఎవరి కిరీటంలో ఉండవలెనన్న చర్చ నేటికీ సాగుతున్నది. దానిని మట్టిలో నుండి ఏరిన చేయి ఎవరిదన్న చర్చ ఎన్నడూ రాలేదు.

ఆ చేతుల గుర్తును వెదకుదామని నేడు బయలుదేరినవారికి కొల్లూరులో కనిపించేది నీరు. పులిచింతల జలాశయం ముంపు ప్రాంతంలో ఈ గ్రామం కలిసిపోయింది. ఆ జలాశయం కృష్ణా డెల్టా పొలాలకు అవసరమైనదే. దానిని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. కాని లోకప్రసిద్ధమైన ఒక గని మన కళ్ళ ముందు నీట మునుగుతుంటే, మునుగక ముందు వెళ్ళి చూచినవారు మనలో ఎంతమంది? మన తాతలకు వెళ్ళే దారి లేదు, మన మనుమలకు చూచే వస్తువు లేదు. రెండూ ఉన్న తరం మనది. ఆ అవకాశం జారిపోయింది. ఈ బాట మీద మిగిలిన చోట్లను గురించి వ్రాయవలసిన అవసరం ఇక్కడి నుండే కలిగింది.

కొండపల్లి: కోట కంటె బొమ్మ గొప్ప

విజయవాడకు ఇరవై కిలోమీటర్లలోపు కొండపల్లి ఉన్నది. కొండ మీద కోట, కొండ కింద బొమ్మల వాడ. రెడ్డిరాజులు కట్టిన కోట క్రమంగా గజపతుల చేతికి, కృష్ణదేవరాయల చేతికి, కుతుబ్‌షాహీల చేతికి, 1687 తరువాత మొగలుల చేతికి, పిమ్మట 1766లో ఆంగ్లేయుల చేతికి వచ్చింది. మూడంతస్తుల రాతి కట్టడం, తానీషా మహల్ అని పిలిచే భాగం, వాటికి కాపలాగా తుమ్మలూ తుప్పలూ నేడు అక్కడ కనిపిస్తాయి.

చేతులు మారిన కోట శిథిలమయింది. ఒకే చేతి నుండి మరొక చేతికి, తండ్రి నుండి బిడ్డకు వచ్చిన బొమ్మ మాత్రం బ్రతికింది. చుట్టుపట్ల అడవిలో పెరిగే తెల్లపొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. దానిని ఆరబెట్టి, చెక్కి, అవయవాలను విడివిడిగా తయారుచేసి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నం పూసి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, బండి తోలే రైతు, దంచే పడతి అన్నీ ఆ పొణికి కర్రలో నుండి పుట్టవలసినవే. సంక్రాంతి బొమ్మల కొలువులో ఈ బొమ్మలను చూడని తెలుగువారు అరుదు. కాని వాటిని చెక్కే వీధిలో నడచినవారు అంతకంటె అరుదు.

ఈ కళకు ఉన్న ఆపద చిన్నది కాదు. కర్రకు కొరత ఉన్నది. యంత్రాలు పోతపోసిన ప్లాస్టిక్ బొమ్మ చవకగా దొరుకుతున్నది. పట్నపు దుకాణంలో మనం ఇచ్చే ధరలో చెక్కినవానికి చేరేది కొంత మాత్రమే. వీధికి వెళ్ళి అరుగు మీద కూర్చుని, పని చూచి, బేరమాడకుండా ఒక్క బొమ్మ కొనుక్కొని వచ్చిన యాత్రికుడు కోటను పదిసార్లు ఎక్కినవాని కంటె ఎక్కువ మేలు చేసినవాడవుతాడు.

బెజవాడ గుహలు, కూచిపూడి మాన్యం

విజయవాడలో కనకదుర్గ ఆలయానికి వేలాదిగా భక్తులు వస్తారు. అదే ఇంద్రకీలాద్రి పాదం దగ్గర అక్కన్న మాదన్న గుహలు ఉన్నవి. ఇవి ఆరేడు శతాబ్దాల నాటి రాతి గుహాలయాలు. పేరు మాత్రం పదిహేడవ శతాబ్దపు సోదర మంత్రులది. కడపటి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న ప్రధానమంత్రిగా, అక్కన్న అతనికి తోడుగా పనిచేశారు. వారు ఈ దారిన వచ్చినప్పుడు ఇక్కడ మజిలీ చేశారని ప్రతీతి. 1686లో హైదరాబాదులో ఆ సోదరులు హత్యకు గురయ్యారు. మరుసటి ఏడే గోలకొండ పతనమయింది. ముస్లిం సుల్తాను, బ్రాహ్మణ మంత్రులు, వారి పేరు మోస్తున్న ప్రాచీన గుహ. ఇదంతా పుస్తకంలో ఒక వాక్యం. అక్కడ నిలబడితే అది మన నేల చరిత్ర.

విజయవాడ నుండి బందరు వైపు వెళ్ళేటప్పుడు మొవ్వ సమీపంలో కూచిపూడి ఉన్నది. కూచిపూడి నాట్యం లోకమంతా ఎరుగును. ఆ పేరు ఒక పల్లెటూరిదని ఎందరో ఎరుగరు. బందరు ప్రయాణంలో ఇక్కడ విడిది చేసిన తానీషా, భాగవతుల ప్రదర్శన చూచి సంతోషించి, ఆ గ్రామాన్ని ఆ కళాకారుల కుటుంబాలకు మాన్యంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతున్నది. భామాకలాపం ఆడే బ్రాహ్మణ కుటుంబాలకు గోలకొండ సుల్తాను నిలువ నీడ కల్పించాడన్న జ్ఞాపకాన్ని ఆ గ్రామమే కాపాడుకుంటూ వచ్చింది. మతాల మధ్య గోడలు మొదటి నుండీ ఉన్నవేనని ఎవరైనా అన్నప్పుడు, వాదనకు దిగడం కంటె కూచిపూడికి వెళ్ళి రమ్మనడం మేలు.

బందరు: పేరే రేవైన పట్టణం

బందర్ అనే పారశీక పదానికి రేవు అని అర్థం. రేవు అన్న మాటనే పేరుగా నిలుపుకున్న పట్టణం మన బందరు. 1605 ప్రాంతంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తకశాలలు స్థాపించారు. చెన్నపట్నం పుట్టకముందే ఇది ప్రపంచపటంలో ఉన్నది. పట్టణంలో నడుస్తూ పేటల పేర్లు అడిగితే చాలు, చరిత్ర తానే పలుకుతుంది: డచ్చివారి వలందపాలెం, ఫ్రెంచివారి పరాసుపేట, ఆంగ్లేయుల ఇంగ్లీషుపాలెం. పరాయి జాతుల పేర్లు ఇంత చక్కగా తెలుగు నాలుకకు ఒదిగిన పట్టణం మరొకటి కనబడదు.

ఇక్కడి డచ్చి శ్మశానవాటిక పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది. నల్లరాతి ఫలకాల మీద డచ్చి భాషలో పేర్లు, వంశ చిహ్నాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నవి. బంధువులకు వేల క్రోసుల దూరంలో ఆ వర్తకులు ఈ మట్టిలో కలిసిపోయారు. లాభం కోసం సముద్రం దాటినవాని కథ ఎక్కడ ముగిసిందో ఈ రాళ్ళు చెబుతాయి.

వారు వెదకుతూ వచ్చినది బంగారం కాదు, మన నేతగాని వస్త్రం. తూర్పు దీవులలో సుగంధద్రవ్యాలు కొనవలెనంటే అక్కడివారు అడిగినది ఈ తీరపు అద్దకపు బట్టనే. ఆ విద్య బందరుకు సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనలో నేటికీ బ్రతికి ఉన్నది. కలంకారి అన్న మాట పారశీకం: కలంతో చేసిన పని అని అర్థం. తీరంలో మాత్రం కలం స్థానంలో చెక్క అచ్చు వచ్చింది. వస్త్రాన్ని ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీటిలో ఊరవేసి నలుపు తీస్తారు. పటిక అద్దినచోట ఎరుపు పడుతుంది. పూర్వం ఆ ఎరుపుకు చిరివేరు ప్రసిద్ధం. అచ్చు వేసిన బట్టను పారే నీటిలో జాడించి, రంగుసరుకు వేసిన రాగి గుండిగలో ఉడకబెట్టి, మళ్ళీ ఉతికి ఎండవేస్తారు. పారే నీరు లేనిదే ఈ రంగు నిలువదు. పారశీక పదం, తెలుగు చేయి, కృష్ణా కాలువ నీరు కలిస్తే ఒక దుప్పటి తయారవుతుంది.

బందరు ఎందుకు చితికిపోయింది? గోలకొండ పతనంతో దానికి వెన్నుదన్ను పోయింది. వర్తకం మద్రాసుకు తరలింది. రేవు మేట వేసింది. ఇవన్నీ చాలవన్నట్లు 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి పట్టణాన్ని ముంచివేసింది. సుమారు 30,000 మంది మరణించారు. 2023లో ఇక్కడ కొత్త నౌకాశ్రయ నిర్మాణం మొదలయింది. ఓడలు మళ్ళీ రావడం సంతోషించదగిన సంగతి. పాత రేవు జ్ఞాపకం ఆ సందడిలో చెరిగిపోకుండా చూచుకోవడం మన వంతు.

బందరుకు ముందటి రేవులు

తీరం దాకా వెళ్ళినవారు మరి రెండు చోట్లు చూడదగును. కూచిపూడికి చేరువలోనే ఉన్న ఘంటసాల, టాలమీ పేర్కొన్న కంటకస్సిల అని పండితులు గుర్తించారు. అక్కడి బౌద్ధ స్తూపావశేషాలు రోము దేశంతో వర్తకం సాగిన కాలాన్ని జ్ఞాపకం చేస్తాయి. దక్షిణంగా చీరాల దాటి చినగంజాం సమీపంలో మోటుపల్లి ఉన్నది. అక్కడ వీరభద్రాలయంలోని కాకతి గణపతిదేవుని అభయశాసనం 1244–45 నాటిది. తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆ రాజు దేశదేశాల వర్తకులకు అభయమిచ్చాడు. ఆ సుంకం ముప్పదింట ఒక వంతు. ప్రాణాన్నీ ధనాన్నీ అరచేత పట్టుకొని వచ్చిన పరదేశికి ఇచ్చిన ఈ మాటకు మించిన రాజధర్మం ఏ కోట గోడ మీదా చెక్కి లేదు. ఆ ఊరిలో నేడు పర్యాటకుల బస్సు ఒక్కటీ ఆగదు.

యాత్రికులకు మనవి

ఈ బాట చూడడానికి ధనవంతులు కానక్కరలేదు. ఆర్టీసీ బస్సులు ఈ చోట్లన్నింటి దగ్గరకూ, లేదా వాటికి సమీపాన ఉన్న పట్టణాలకూ పోతాయి. కొండపల్లి, పెడన, మచిలీపట్నాలకు రైలు సౌకర్యం కూడ ఉన్నది. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఎండ తక్కువ, తుఫానుల భయమూ తక్కువ. అంతా ఒకేసారి చూడవలెనన్న ఆరాటం వద్దు; ఒక సెలవులో ఒక మజిలీ చాలును.

బయలుదేరే ముందు ఆ చోటు గురించి గ్రంథాలయంలో కొంత చదవండి. అక్కడకు చేరిన తరువాత ఊరిలోని వృద్ధులను పలకరించండి. మసీదులోనైనా, గుడిలోనైనా, దర్గాలోనైనా అక్కడి నియమాన్ని పాటించండి. రాతి మీద పేర్లు చెక్కడం, పెంకు ముక్కలు సంచిలో వేసుకోవడం చదువుకున్నవారు చేయవలసిన పనులు కావు. ఊరివారి బావి నీరు తాగి, వారి వీధిలో చెత్త పారవేసి రావద్దు.

ఇటువంటి వ్యాసాలు చదివి జనం ఎగబడితే ఈ చోట్లు కూడ పాడుకావా అని కొందరు సందేహింపవచ్చును. సందేహం న్యాయమైనదే. కాని గుంపుకూ అతిథికీ తేడా ఉన్నది. గుంపు తన కోసం వస్తుంది, తనను తాను చూచుకొని పోతుంది. అతిథి ఇంటివారి కోసం వస్తాడు, వారి మంచిచెడ్డలు అడిగి పోతాడు. మనం కోరేది అతిథులను. ఏడాదికి పదిమంది వచ్చి ఈ రాతి మీద ఏమి వ్రాసి ఉన్నదని అడిగిన ఊరిలో, ఆ రాతిని పునాదిలో వేయడానికి ఎవరూ తొందరపడరు. చట్టం కాపలా పెట్టగలదు గాని గౌరవం పుట్టించలేదు. ఆ పని యాత్రికుడే చేయాలి.

కొల్లూరు నీటి కింద ఉన్నది. మిగిలినవి ఇంకా నేల మీద ఉన్నవి. రాబోయే సెలవులలో విద్యార్థినీ విద్యార్థులు ఈ మజిలీలలో ఒక్కదానిని ఎన్నుకొని వెళ్ళి, చూచినదీ విన్నదీ రెండు పుటలలో వ్రాసి ఈ సంచికకు పంపవలెనని నా మనవి. ఉర్దూలో వ్రాసినా సరే, తెలుగులో వ్రాసినా సరే. ఈ బాటకు రెండు భాషలూ తెలుసు.